చిత్రకళా విద్యార్థియు – చిత్ర ధ్వని సాధనయు

"అబ్బాయిని బొమ్మలు వేయుట నేర్చుకొమ్మని కళాశాలకు పంపితిమి. వాడు కుంచె విడిచి కెమెరాయు మైకును పట్టుకొని తిరుగుచున్నాడు. ఇదియు చదువేనా?" అని ఈ సంవత్సరము ఒక తండ్రిగారు మమ్ము ప్రశ్నించిరి. సోలాపురములోని మన నేత కుటుంబములనుండి చిత్రకళా కళాశాలలలో చేరు పిల్లలు కొందరు కలరు. ఇదే సందేహము ఇతర పోషకులకును ఉండవచ్చును. కావున ఆ చదువునందేమి యున్నదో మాకు తెలిసినంతవరకు వివరింపదలచితిమి.

చలనచిత్రమన నిజమునకు కదలని బొమ్మల వరుసయే. సినిమాలో సెకనునకు 24 బొమ్మలును, మన దేశపు టెలివిజనులో 25 బొమ్మలును కన్నులయెదుట వరుసగా నిలిచిపోవును. అంత వేగముగా వచ్చువానిని వేరుపరుపలేక మన మనస్సు వానిని కదలికగా గ్రహించును. ఈ లెక్కను ఒక్క నిమిషపు టెలివిజను చిత్రమునకు 1,500 బొమ్మలు కావలెను. వెలుగు ఏ వైపునుండి వచ్చుచున్నది, నీడ ఎచట పడుచున్నది, మనిషిని చట్రములో ఏ మూల నిలుపవలెను అను పాఠములు కాగితముమీద నేర్చినవే. కెమెరా పట్టినవాడును వానినే ప్రయోగించును.

దీనికి మహారాష్ట్రమందే గొప్ప నిదర్శనము కలదు. దాదాసాహెబు ఫాల్కే 1885లో బొంబాయిలోని జె. జె. చిత్రకళా పాఠశాలలో చేరెను. పిమ్మట బరోడాలోని కళాభవనమున చదివెను. 1912లో ఆయన కుండీలో బఠానీ గింజ నాటి, అది మొలచి పెరుగుటను దినదినము కొంచెము కొంచెముగా చిత్రించి, ఆ పెరుగుదల యంతయు కొలదిసేపటిలో జరిగినట్లు చూపెను. ఆ చిన్న చిత్రమును చూపియే పెట్టుబడి సంపాదించి, 1913లో 'రాజా హరిశ్చంద్ర' అను మూకచిత్రమును విడుదల చేసెను. ఆయన భార్య సరస్వతీబాయి ఫిలిముకు రంధ్రములు వేయు పనియందు సయితము తోడ్పడెను. ఇంటివారి సాయము లేనిదే ఆ పని సాగియుండదు.

ఇక ధ్వని సంగతి. ధ్వని యన గాలిలోని కంపనము. మైకు ఆ కంపనమును విద్యుత్తరంగముగా మార్చును. యంత్రము ఆ తరంగమును సాధారణముగా సెకనునకు 48,000 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఇన్నిమారులు ఏలయన, మనిషి చెవి సెకనునకు సుమారు 20,000 కంపనములవరకు వినగలదు. దానికి రెండింతలకు మించి కొలిచిననే విన్నది విన్నట్లు తిరిగి పలుకును.

అయినను చెవికిని మైకుకును ఒక భేదము కలదు. మరమగ్గముల చప్పుడులో సయితము మన చెవి తల్లి పిలుపును ఏరుకొనగలదు. మైకునకు ఆ వివేకము లేదు. పాటను, పంకాను, వీధిలోని బండిని అది సమముగానే గ్రహించును. పైగా ఆరుబయట దూరము రెండింతలైనచో ధ్వని తీవ్రత నాలుగవవంతునకు తగ్గును. అందుచేత మంచి మైకును కొనుటకంటె, ఉన్న మైకును దగ్గరకు చేర్చుట మేలు. 1931లో అర్దేషిర్ ఇరానీ మన దేశపు తొలి టాకీయగు 'ఆలం ఆరా'ను తీసినపుడు, స్టూడియో ప్రక్కనే రైలుమార్గము ఉండుటచే, బండ్లు తిరుగని అర్ధరాత్రివేళ చిత్రీకరణము జరిపిరి. తొలి తెలుగు టాకీయగు 'భక్త ప్రహ్లాద'ను సయితము ఆ ఇరానీయే నిర్మించెను, హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున అది 1932లో వెలువడినది. 'ఆలం ఆరా' ప్రతి యొక్కటియు నేడు లభించుట లేదు. ధ్వనిని పట్టుట ఎంత కష్టమో, పట్టినదానిని నిలుపుకొనుటయు అంతే కష్టము.

ఇచట మా పొరపాటొకటి చెప్పుకొనవలెను. మా పూర్వ విద్యార్థి యొకడు కళాశాలలో ఇచ్చిన అభ్యాసమునకై తన నాయనమ్మ కండెలు చుట్టుచు పాడు పాటను ఇంటిలో చిత్రించెను. బొమ్మ చక్కగా వచ్చినది. ధ్వనిలో మాత్రము పంకా హోరును, ప్రక్కింటి మరమగ్గములును తప్ప మాటలు తెలియలేదు. ఆదివారమునాడు మన పాఠశాల నిశ్శబ్దముగా నుండునని యెరిగి, ఒక గది ఇప్పింపుడని వాడు మమ్మడిగెను. వార్షిక పరీక్షల సన్నాహములోనున్న మేము, "వేసవి సెలవులలో చూతము" అంటిమి. సెలవులు రాకమునుపే ఆ పెద్దమ్మకు పక్షవాతము వచ్చి మాట పడిపోయినది. ఇప్పుడామె మనుమని చూచి నవ్వును, పాడజాలదు.

ఆ పాటలో రెండు పంక్తులు మాత్రమే మిగిలినవి. విద్యార్థి తాను సేకరించిన రెండు గంటల చిత్రమునుండి నాలుగు నిమిషములు ఏరెను. కూర్పు అను విద్యలో సగము పాలు ఇట్లు విడిచిపెట్టుటయే. ఆమె చేతులు, తిరుగు రాట్నము, మగ్గముల చప్పుడు, దాని నడుమ ఆ రెండు పంక్తులు – ఇంతే ఆ చిత్రము. ఆ చప్పుడును దాచక అట్లే యుంచెను. దానిని చూచిన పిదప, ఇది చదువేనా యను సందేహము మాకు కలుగలేదు. తెలంగాణమునుండి మన పెద్దలు తెచ్చిన మాటలు, పాటలు పాఠ్యపుస్తకములలో అన్నియు లేవు. వానిని మన పిల్లలు పట్టి యుంచకున్నచో మరియెవరు పట్టుదురు?

పోషకులకు మా మనవి. మొదట ఖర్చేమియు అక్కరలేదు. ఇంటిలోని ఫోను చాలును. పంకా ఆపి, కిటికీ మూసి, ఫోనును పలుకువారికి మూరెడు దూరములో ఉంచవలెను. పాట ముగిసిన తరువాత అర నిమిషము ఎవరును మాటలాడక, గది నిశ్శబ్దమును సయితము పట్టవలెను. కూర్పులో అతుకులు తెలియకుండుటకు అది పనికివచ్చును. చిత్రించుటకు ముందు పెద్దల అనుమతి గైకొనుట ధర్మము. పేరు, ఊరు, తేదీ వ్రాసి, రెండు ప్రతులను రెండు చోట్ల దాచవలెను.

ఇక ప్రతి ఆదివారము ఉదయము పాఠశాలలో ఒక గది తెరచియుండును. తాళపుచెవి మాయొద్దనే యున్నది. పిల్లలను, ఇంటి పెద్దలను వెంటబెట్టుకొని రండు. పరీక్షలు సమీపించినవని ఈమారు మేము అనము.