పిల్లల్లో ఉబ్బసం, ఆమ్ల తిరోగమనం: సాహచర్యమా, కారణమా?

మార్కాపురం, కంభం ప్రాంతం పలకరాయికి ప్రసిద్ధి. ఇక్కడి బడిపిల్లవాడికి అర్ధరాత్రి దగ్గు, పిల్లికూతలు వస్తే తొలి అనుమానం ధూళిపైకి వెళ్లడం సహజం. అయితే పడుకోగానే పెరిగే దగ్గుకు పులితేనుపులు, ఛాతీలో మంట తోడైతే జీర్ణాశయాన్ని కూడా పరిగణించవలసి ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. అతిగా నిండిన కడుపు ఉబ్బసాన్ని రేపగలదని విలియం ఆస్లర్ 1892 నాటి తన వైద్యగ్రంథంలోనే పేర్కొన్నాడు. దీనికి రెండు మార్గాలను ప్రతిపాదించారు. జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్ని, సూక్ష్మ పరిమాణంలో శ్వాసనాళాలలోకి జారడం మొదటిది. ఆమ్లం అన్నవాహిక దిగువ భాగాన్ని తాకినప్పుడు వేగస్ నాడి ప్రతిచర్యగా శ్వాసనాళాలు ముడుచుకోవడం రెండవది. పిండదశలో శ్వాసనాళం, అన్నవాహిక ఒకే ఆదిమ నాళం నుండి ఏర్పడతాయి. రెండింటికీ వేగస్ శాఖలే అందుతాయి.

వ్యతిరేక దిశలోనూ ప్రభావం ఉంది. చర్చల్లో తరచుగా మరుగునపడేది ఇదే. ఆయాసంలో ఊపిరితిత్తులు ఉబ్బి ఉదరవితానం చదునవుతుంది. ఊపిరిని బలంగా పీల్చినప్పుడు ఛాతీలో పీడనం తగ్గి, కడుపులోని ద్రవం పైకి రావడానికి వీలు కలుగుతుంది. ఉబ్బసానికి వాడే థియోఫిల్లిన్ సైతం అన్నవాహిక కింది కండర వలయాన్ని సడలిస్తుంది. కాబట్టి రెండు రుగ్మతలు ఒకే బిడ్డలో కనిపించినంత మాత్రాన ఏది కారణమో, ఏది ఫలితమో తేలదు.

ఈ చిక్కును నేరుగా పరీక్షించిన అధ్యయనం 2012లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వెలువడింది. పీల్చే స్టెరాయిడ్ వాడుతున్నా ఉబ్బసం అదుపులోకి రాని, ఆమ్ల లక్షణాలు పైకి కనిపించని 6–17 ఏళ్ల పిల్లలు 306 మంది అందులో పాల్గొన్నారు. 24 వారాలపాటు కొందరికి లాన్సోప్రజోల్, మిగిలినవారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఉబ్బసంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. అన్నవాహికలో ఆమ్లతను కొలిచిన 115 మందిలో 43 శాతం మందికి తిరోగమనం ఉన్నట్లు తేలింది. వారికీ ఆ మందు మేలు చేయలేదు. పైగా మందు తీసుకున్నవారిలో జలుబు, గొంతునొప్పి వంటి శ్వాసకోశ బాధలు ఎక్కువయ్యాయి.

అందువల్ల పిల్లికూతలు వినిపించిన ప్రతి బిడ్డకూ ‘గ్యాస్ మాత్ర’ రాయడం సమర్థనీయం కాదు. ఇరవై నాలుగు గంటల ఆమ్లత పరీక్ష సులభంగా అందని కంభం వంటి పట్టణాల్లో తల్లి చెప్పే వివరాలే వైద్యునికి ముఖ్య సాధనం: భోజనానికీ దగ్గుకూ మధ్య వ్యవధి, తేనుపులు, మంట, బరువు తగ్గడం. లక్షణాలు స్పష్టంగా ఉంటే నాలుగు నుండి ఎనిమిది వారాల చికిత్స ఇచ్చి పునఃపరిశీలించవచ్చు. అంతకుముందే ఇన్‌హేలర్‌ను బిడ్డ సరిగా పీలుస్తున్నాడో లేదో చూడాలి. ఆమ్లం తగ్గించే మందు మొదలైందన్న ధీమాతో ఆ ఇన్‌హేలర్‌ను మానేయడమే అన్నిటికన్నా ప్రమాదకరం.