మెట్ట పెరడులో తంగేడు పెంపకం

కృష్ణా డెల్టాలో కాలువనీరు పారు గ్రామాలలో పెరటి పూలమొక్కలకు నీటి కొరత అంతగా తెలియదు. మైలవరం పరిసరాలు అట్టివి కావు. కొండపల్లి కొండల చుట్టునున్న ఈ మెట్ట గ్రామాలకు ప్రకాశం బ్యారేజి డెల్టా కాలువలు అందవు. వేసవిలో బావి అడుగంటినప్పుడు ఉన్న బిందెడు నీరు గేదెకు పెట్టవలెనా, బంతి మొక్కలకు పోయవలెనా అను ప్రశ్న వచ్చును. అట్టి ఇంటికి తగిన పూలమొక్క మన బీళ్లలో తనంత తాను పెరుగు తంగేడు.

మొక్క స్వభావము: ఇది చిక్కుడు కుటుంబమునకు చెందిన పొద. శాస్త్రనామము సెన్నా ఆరిక్యులేటా. తల్లివేరు లోతుగా దిగుటచే ఎండను తట్టుకొనును. దీని బెరడును తోళ్లు పదును చేయుటకును, రొట్టను వరిమళ్లలో ఎరువుగాను వాడుట మన పెద్దలెరిగినదే. తెలంగాణ ప్రభుత్వము 2014లో దీనిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది.

విత్తుట: చెట్టున ఎండిన కాయలనుండి గింజలు తీయవలెను. గింజపై పెంకు గట్టిది. అట్లే విత్తినచో కొన్ని మాత్రమే మొలచును. కాగిన నీటిని పొయ్యిమీదనుండి దింపి, అందులో గింజలు వేసి, రాత్రంతా నాననిచ్చి మరునాడు విత్తుడు. గింజలను ఎన్నడును పొయ్యిపై ఉడికించరాదు. తొలకరి పడగానే నాలుగడుగుల ఎడముగా, గుంటకు మూడేసి గింజలు, అర అంగుళము లోతున వేసి, తరువాత బలమైన మొక్క నొకదానిని ఉంచవలెను. బీడునుండి పెద్ద మొక్కలు పెరికి తెచ్చినచో తల్లివేరు తెగి సాధారణముగా బ్రతుకవు.

పోషణ: మొదటి వేసవిలో వారమునకొకసారి చెంబెడు నీరు చాలును. వేరు దిగిన పిమ్మట వర్షమే ఆధారము. రాతినేల, గరపనేల పనికివచ్చును. నీరు నిలుచు పల్లము పనికిరాదు. ఏటేట కాయలు ఏరుకొన్న పిదప, వానలకు ముందు, మోకాలెత్తున కత్తిరించినచో గుబురుగా చిగిర్చి నిండుగా పూయును. పప్పుజాతి బంధువైనను దీని వేళ్లపై నత్రజని బుడిపెలుండవు. కావున భూమికి లాభము కలుగవలెనన్న కత్తిరించిన రొట్టను పెంటకుప్పలోనో, దమ్ములోనో వేయవలెను.

పురుగులు: ఆకులపై కనబడు పచ్చని గొంగళులు పసుపు, లేతతెలుపు సీతాకోకచిలుకల పిల్లలు. ఎక్కువైనచో చేతితో ఏరుడు, మందు చల్లవద్దు. ఈ పువ్వులో తేనె లేదు, పుప్పొడియే కలదు. తుమ్మెదలు పువ్వును పట్టుకొని ఝుమ్మని అదిరించి పుప్పొడి రాల్చుకొనును. మందు వాటిని చంపును, కాయలు తగ్గును.

ముఖ్యమైన హెచ్చరిక: కసివింద కూడ పసుపు పువ్వులు పూయును, పొరపాటున దాని గింజలు తేవద్దు. ఉత్తరప్రదేశ్ పశ్చిమ భాగమున చిన్నపిల్లలు కసివింద గింజలు తిని ప్రాణము కోల్పోయిన సంగతిని వైద్యులు 2007లో వెల్లడించిరి. గుర్తులు ఇవి: కసివింద ఆకులో నాలుగైదు జతల మొనదేలిన రేకులుండును, నలిపిన దుర్వాసన వచ్చును, కాయ కొంచెము పైకి వంగి, అంచులు లేతరంగుగా నుండును. తంగేడు ఆకులో ఎనిమిది నుండి పన్నెండు జతల మొద్దుకొన రేకులు, ఆకు మొదట చెవి వంటి పెద్ద పుచ్ఛములు ఉండును. కాయ కాగితమువలె పలుచన. పెరటిలో కసివింద మొలచినచో పూయకముందే పెరికివేయుడు.

ఈ తొలకరికి వాకిటి కంచె పొడవున పది గుంటలు వేసి చూడుడు. బావినీరు పశువులకు మిగులును, వాకిలికి పసుపు వన్నె చేకూరును.