స్కోరు తగ్గితే ఆట తగ్గినట్టేనా?

1996 జూన్ 16. అమెరికాలోని షికాగో నగరం. ఎన్.బి.ఎ. అని పిలిచే జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం ఫైనల్లో ఆరో ఆట ముగిసింది. షికాగో బుల్స్ జట్టు సియాటిల్ సూపర్‌సోనిక్స్‌ను 87-75తో ఓడించి విజేతగా నిలిచింది. మైకేల్ జోర్డాన్ ఆడిన ఆ జట్టుకు అది మామూలు ఏడాది కాదు. 82 లీగు ఆటల్లో 72 గెలిచింది. అంతకు ముందు ఏ జట్టూ 70 గెలుపులు చూడలేదు. ఆ తర్వాత ప్లే ఆఫ్ పోటీల్లో మయామీని 3-0తో, న్యూయార్క్‌ను 4-1తో, ఆర్లాండోను 4-0తో, సియాటిల్‌ను 4-2తో దాటుకుంటూ వచ్చింది. అంటే 18 ఆటల్లో 15 విజయాలు.

ఇప్పుడు ఆ ఆఖరి స్కోరును మరొక్కసారి చూడండి. 87-75. 1984-85లో ఎన్.బి.ఎ.లో ఒక్కో జట్టు ఆటకు సగటున 110.8 పాయింట్లు సాధించేది. 1995-96 నాటికి ఆ సగటు 99.5కు దిగింది. ఆరు ఫైనల్ ఆటల్లో షికాగో సగటు 93 మాత్రమే. ఇక్కడే ఒక సందేహం వస్తుంది. ఆటగాళ్ల నైపుణ్యమే తగ్గిపోయిందా? అలా తగ్గిన ఆటలో 72 గెలుపులకు విలువెంత?

బస్తాలు, ఎకరాలు

ఒక రైతు ఇంటికి నిరుడు 110 బస్తాల ధాన్యం వచ్చింది, ఈ ఏడు 99 వచ్చాయి అనుకుందాం. పంట దెబ్బతిన్నదని వెంటనే అనగలమా? ముందు ఎన్ని ఎకరాలు వేశాడో అడగాలి. పొలమే తక్కువ వేసి ఉంటే ఎకరానికి దిగుబడి ఏమాత్రం తగ్గి ఉండకపోవచ్చు.

బాస్కెట్‌బాల్‌లో ఎకరం వంటిది 'వంతు'. ఒక జట్టు చేతికి బంతి వచ్చినప్పటి నుంచి అది ఎదుటి జట్టు చేతికి పోయేదాకా ఒక వంతు. గురి తప్పిన బంతిని మళ్లీ అదే జట్టు అందుకుంటే వంతు కొనసాగుతున్నట్టే లెక్క. ఒక జట్టు వంతు ముగియగానే రెండో జట్టు వంతు మొదలవుతుంది గనుక, ఏ ఆటలోనైనా ఇద్దరికీ వచ్చే వంతులు దాదాపు సమానం. కాబట్టి జట్టు స్కోరు అంటే రెండు సంఖ్యల లబ్ధం: ఎన్ని వంతులు వచ్చాయి, వంతుకు ఎన్ని పాయింట్లు సాధించింది. మొదటిది ఆట వేగం. రెండోది నైపుణ్యానికి కొలత.

ఈ రెంటినీ విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 1984-85లో ఒక్కో జట్టుకు ఆటకు సుమారు 102 వంతులు వచ్చేవి. 1995-96లో సుమారు 92. మరి 100 వంతులకు సాధించిన పాయింట్లు? అప్పుడూ సుమారు 108, ఇప్పుడూ సుమారు 108. పదకొండేళ్లలో పోయిన పదకొండు పాయింట్లూ దాదాపు పూర్తిగా వంతులు తగ్గడం వల్ల పోయినవే. దిగుబడి తగ్గలేదు, వేసిన పొలం తగ్గింది.

వంతులు ఎందుకు తగ్గాయి? బంతి అందగానే పరుగు తీసి, ఎదుటివారు సర్దుకునేలోగా బుట్టలో వేసే ఆట వెనకబడింది. 1989, 1990లలో గెలిచిన డెట్రాయిట్, ఆ తర్వాత న్యూయార్క్ వంటి జట్లు గట్టి రక్షణతో, నెమ్మదిగా, ఒళ్లు రాసుకుంటూ ఆడే పద్ధతికి పేరు తెచ్చాయి. బంతిని కాపాడుకుంటూ, గడియారంలో ఉన్న 24 సెకన్లను పొదుపుగా వాడుకోవడం చాలామంది కోచ్‌లకు అలవాటైంది.

నెమ్మది ఆట ఎవరికి మేలు?

ఆట నెమ్మదిస్తే బలమైన జట్టు గెలుపు తేలికవుతుందని అనిపించవచ్చు. నిజానికి జరిగేది దీనికి వ్యతిరేకం.

1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు, అప్పటి విజేత మినియాపొలిస్ లేకర్స్‌తో తలపడింది. పొడగరి జార్జ్ మైకన్ ఉన్న ఆ జట్టుతో మామూలుగా ఆడితే ఓటమి ఖాయమని ఫోర్ట్ వేన్ గ్రహించింది. అందుకే బుట్ట వైపు పోకుండా బంతిని చేతిలోనే ఉంచుకుని కాలం గడిపింది. చివరికి 19-18తో గెలిచింది కూడా! చూడవచ్చినవారికి విసుగు పుట్టించే ఇటువంటి ఎత్తుగడలను ఆపడానికే 1954లో 24 సెకన్ల నియమం తెచ్చారు. సిరాక్యూజ్ జట్టు యజమాని డానీ బియసోన్ లెక్క చాలా సరళం. మంచి ఆటలో రెండు జట్లూ కలిసి సుమారు 120 సార్లు బంతి విసురుతాయి. 48 నిమిషాలంటే 2,880 సెకన్లు. భాగిస్తే 24.

ఫోర్ట్ వేన్ ఉపాయం వెనుక ఉన్నది సంభావ్యతా శాస్త్రం. పదిసార్లలో ఆరుసార్లు బొమ్మ పడే నాణెం ఒకటి ఉందనుకోండి. బొమ్మ మీ పక్షం, బొరుసు నా పక్షం. ఒక్కసారే ఎగరేస్తే మీరు గెలిచే అవకాశం 60 శాతం. అయిదుసార్లు ఎగరేసి ఎక్కువ పడినవారిదే గెలుపంటే అది 68 శాతం అవుతుంది. 25 సార్లయితే 85 శాతం. నాణెం మారలేదు, ఎగరేసిన సార్లు మాత్రమే మారాయి. బలవంతుడి ఆధిక్యం వంతుల సంఖ్యతో పాటు సమానంగా పెరుగుతుంది. అదృష్టం తెచ్చే ఊగిసలాట మాత్రం ఆ సంఖ్య వర్గమూలం మేరకే పెరుగుతుంది. వంతులు నాలుగు రెట్లయితే ఆధిక్యం నాలుగు రెట్లు, ఊగిసలాట రెండు రెట్లే. వాన పడి క్రికెట్ ఆటను కొద్ది ఓవర్లకు కుదించినప్పుడు చిన్న జట్టుకు ఆశ చిగురించేది ఇందుకే.

102 వంతుల ఆట 92 వంతులకు తగ్గితే షికాగో వంటి జట్టు ఏడాది మొత్తం మీద సుమారు ఒక్క గెలుపు నష్టపోతుందని లెక్క తేలుతుంది. ఇది చిన్న తేడాయే. కాని అది ఏ వైపు మొగ్గుతోందో గమనించండి. నెమ్మదించిన లీగు షికాగోకు సాయపడలేదు, కొద్దిగా అడ్డుపడింది.

షికాగో అసలు బలం

ఆ ఏడాది షికాగో ఆటకు 105.2 పాయింట్లు సాధించి, ఎదుటివారికి 92.9 మాత్రమే ఇచ్చింది. లీగు సగటు 99.5తో పోల్చండి. సాధించడంలో సుమారు ఆరు ఎక్కువ, ఇవ్వడంలో ఆరున్నర తక్కువ. ఆ ఏటి ఉత్తమ రక్షకుల మొదటి జట్టులోని అయిదుగురిలో జోర్డాన్, పిప్పెన్, రాడ్‌మన్ ముగ్గురూ షికాగోవారే.

ఆ ఏడాదే టొరంటో, వాంకూవర్ జట్లు కొత్తగా చేరి లీగును పలచన చేశాయన్న వాదన ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ కొత్త జట్లు అందరికీ ఎదురైనవే. 60 ఆటలు గెలిచిన ఆర్లాండో, 64 గెలిచిన సియాటిల్ కూడా ఆ లీగులోనివే. ప్లే ఆఫ్ పోటీల్లో ఈ రెండు జట్లపై షికాగో పది ఆటలాడి ఎనిమిది గెలిచింది. పైగా మార్చి 24న ఆ కొత్త టొరంటో చేతిలోనే షికాగో 108-109తో ఓడిపోయింది. ఊగిసలాట అంటే ఇదే మరి.

తర్వాత ఏమైంది?

నిజంగా దిగుబడి తగ్గిన రోజులు ఆ తర్వాత వచ్చాయి. దగ్గరకు జరిపిన మూడు పాయింట్ల గీతను 1997లో తిరిగి వెనక్కి జరిపారు. 1998-99 సీజన్ యజమానుల, ఆటగాళ్ల వివాదం వల్ల ఆలస్యమై 50 ఆటలకు కుదించుకుపోయింది. సగటు స్కోరు 91.6కు పడిపోయింది. వంతులు 89కి తగ్గడమే కాదు, 100 వంతులకు పాయింట్లు కూడా 102కు దిగాయి. జోర్డాన్ వెళ్లిపోయాక అదే షికాగో, 1999 ఏప్రిల్ 10న మయామీపై ఆట మొత్తంలో 49 పాయింట్లే సాధించింది. 24 సెకన్ల నియమం వచ్చాక అంత తక్కువ స్కోరు ఎవరూ చేయలేదు.

2001లో రక్షణ నియమాలను మార్చారు. 2004 నుంచి బంతి ఉన్న ఆటగాడిని చేత్తో అడ్డగించడంపై కఠినంగా వ్యవహరించారు. మూడు పాయింట్ల విసుర్లు పెరిగాయి. వందలో 36 పడినా 108 పాయింట్లు, రెండు పాయింట్లవి వందలో 48 పడితే 96 మాత్రమే కదా! 2023-24లో సగటు 114 దాటింది. అయినా వంతులు సుమారు 98, అంటే 1984-85 కంటే తక్కువే. ఈసారి పెరిగింది పొలం కాదు, దిగుబడి.

షికాగో 72 విజయాల రికార్డును 2015-16లో గోల్డెన్ స్టేట్ 73తో దాటింది. కాని ఫైనల్ ఏడో ఆటలో క్లీవ్‌లాండ్ చేతిలో 89-93తో ఓడింది. ఎంత బలమైన జట్టుకైనా ఒక్క ఆట ఒక్క నాణెపు విసురే. అందుకే ఇకపై ఎవరైనా ఒక మొత్తాన్ని చూపించి 'తగ్గింది' అన్నప్పుడు, అది ఆట స్కోరైనా పంట లెక్కైనా, దేనికి ఎంత అని ముందుగా అడగండి.