బీడు కనిపిస్తే ఊరు పెరిగినట్టేనా?

ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం తగ్గిన చోటల్లా పొలం పోయి ఊరు వెలసిందన్న అపోహ చదువుకున్నవారిలోనూ బలంగా ఉంది. అది ఎంత తప్పో కడప జిల్లా నేలలే చెబుతాయి. మే నెల చిత్రంలో వేముల, పులివెందుల వైపు బోర్ల కింద పెరిగే అరటి, చీనీ తోటలు పచ్చగా ఉంటే, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగళ్లు మైళ్ల తరబడి బోసిగా కనిపిస్తాయి. అక్టోబరు ప్రాంతంలో శనగ విత్తి సంక్రాంతి దాటాక కోసుకునే ఆ చేలు వేసవిలో ఖాళీగా ఉండకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఉపగ్రహం చూసేది రంగును కాదు, తిరిగివచ్చే కాంతి పాళ్లను. బంగారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో నగను గీటురాయి మీద గీసి, ఆ గీతను తెలిసిన వన్నెల గీతలతో పోల్చినట్టే, ఇక్కడ ప్రతి నేలముక్కనూ ఎరుపు కాంతిలో ఒకసారి, కంటికి కనిపించని పరారుణ కాంతిలో మరోసారి గీసి చూస్తారు. ఆకులోని పత్రహరితం ఎరుపును తాగేస్తుంది, ఆకు లోపలి కణాల అల్లిక మాత్రం పరారుణాన్ని వెనక్కి చిమ్ముతుంది. కాబట్టి పరారుణంలోంచి ఎరుపును తీసివేసి, ఆ రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె దట్టమైన తోటలో ఒకటి వైపు, ఎండిన నేలలో సున్నా వైపు జరుగుతుంది. దీన్నే వృక్ష సూచిక అంటారు. పోలికను ఇంకొంచెం లాగితే, మూసలో కరిగిన బంగారంలో రాగి ఎంతో చెప్పగల కంసాలి అది ఏ నగలోంచి వచ్చిందో చెప్పలేడు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో అతి చిన్న ముక్క అయిన 30 మీటర్ల గడి కూడా అలాంటి మూసే. దాని వైశాల్యం 900 చదరపు మీటర్లు, అంటే సుమారు 22 సెంట్లు. అందులో పడిన ఇల్లు, కంపచెట్టు, చేనిగట్టు అన్నీ కలిసి ఒకే అంకెగా మారతాయి. 2015లో మొదలైన సెంటినెల్-2 ఉపగ్రహాల గడి 10 మీటర్లదే, రెండున్నర సెంట్లకు తగ్గింది.

అయినా ఎండిన మట్టికీ కాంక్రీటుకీ గీతలు దాదాపు ఒకటే. ఈ చిక్కును విడదీసేది కాలం: చేను మామూలు ఏడాదిలో ఒకసారైనా పచ్చబడుతుంది, కాంక్రీటు ఎన్నటికీ పచ్చబడదు. అందుకే ఒక్క చిత్రం కాక కొన్నేళ్లపాటు ఏడాది పొడవునా తీసిన చిత్రాలను, అవీ కరవు ఏళ్లను కలుపుకొని, వరుసగా చూడాలి. 1972 నుంచి పోగైన ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం; మన దేశమూ 1988లో ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహాన్ని పంపింది, హైదరాబాదులో జాతీయ సుదూర సంవేదన కేంద్రం ఉండనే ఉంది. అయితే పచ్చబడనిదంతా ఊరే అనుకోకూడదు: మైలవరం సౌర పలకలు, తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు వంటివి ఊళ్లూ కావు, పొలాలూ కావు. వాటికి వేరే వర్గం పెట్టకపోతే లెక్క చెడుతుంది.

అసలు నష్టం దగ్గరే ఉపగ్రహం ఓడిపోతుంది. పట్టణం అంచున చేనుకు హద్దురాళ్లు పాతి, ఎర్రమట్టి బాట వేసి, ఈశాన్యం పెరిగిందన్న వాస్తు మాటతో గజానికి మరికొంత రాబట్టి అమ్మేస్తారు. ఆకాశంలోని యంత్రానికి ఈశాన్యమూ నైరుతీ ఒకటే గనుక అది మోసపోదు గానీ, ఇళ్లు లేచేదాకా ఆ వెంచరును బీడుగానే రాసుకుంటుంది. నాగలి ఆగిన ఏడు ఏదో తెలియాలంటే చిత్రం పక్కన ప్రభుత్వ భూరికార్డులను కూడా తెరిచి చూడవలసిందే.