మంచుకొండకు సరే... దాదీ ఎక్కడ కూర్చుంటుంది?

జనవరి నెల. మొయినాబాద్ దాటి చేవెళ్ల వెళ్లే దారిలో మర్రిచెట్ల కింద తెల్లవారి ఏడైనా పొగమంచు వీడదు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలమూటలు తీసుకుపోయే బండ్లు లైట్లు వేసుకునే వెళ్తుంటాయి. ఫజర్ నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగే పెద్దలు శాలువాను చెవులదాకా లాక్కుని "ఈసారి చలి బాగా ముదిరింది" అనుకుంటారు. సరిగ్గా ఆ సమయానికే ఇంట్లో పిల్లలు సెల్‌ఫోన్‌లో తెల్లని కొండలు చూపించి, "అబ్బా, సంక్రాంతి సెలవులకు మంచులోకి పోదాం. స్కీయింగ్ చేద్దాం" అని వెంటపడుతుంటారు.

ఒకప్పుడైతే నవ్వి ఊరుకునే కోరిక ఇది. ఇప్పుడు కాదు. శంషాబాద్ విమానాశ్రయం మన ఊళ్లకు దగ్గరే. చదువుకున్న పిల్లలు టికెట్లు ఇంట్లో కూర్చునే తీసేస్తున్నారు. అయితే టికెట్టు తీయడం తేలిక, చోటు ఎంచుకోవడం కష్టం. ఫొటోలో ఏ మంచైనా తెల్లగానే ఉంటుంది కదా!

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి, తల్లి, పదహారేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న దాదీ. అమ్మాయికి స్కీయింగ్ నేర్చుకోవాలని ఉంది. అబ్బాయికి మంచు ముద్దలు విసరాలని ఉంది. తల్లికి నాలుగు రోజులు పొయ్యి దగ్గరికి పోకుండా ఉంటే చాలు. దాదీ మాత్రం "మీరు వెళ్లి రండి బేటా, నేను ఇంట్లో ఉంటాను" అంటుంది. ఆమె మనసులో ఏముందో ఎవరూ అడగరు. ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు ఆమె దగ్గరే మొదలవుతుంది.

కోరికలు మూడు, దారులు మూడు

మంచును చూడటం ఒకటి. మంచులో ఆడుకోవడం మరొకటి. స్కీయింగ్ నేర్చుకోవడం పూర్తిగా వేరు. పొడవాటి రెండు పలకలను ప్రత్యేకమైన బూట్లకు బిగించుకుని వాలు మీద జారడమే స్కీయింగ్. మొదటి రోజు పడటం, లేవడంతోనే సరిపోతుంది. పలకల ముందు కొసలను దగ్గరికి చేర్చి, వెనుక భాగాలను వెడల్పుగా నెట్టి వేగం తగ్గించుకోవడమే మొదటి పాఠం. ఆగడం వచ్చాకే జారడం. కాస్త పట్టు దొరకాలంటే కనీసం మూడు నాలుగు రోజులు ఒకేచోట ఉండాలి. ఒక్కపూట మంచు చూసి వచ్చే యాత్రలో స్కీయింగ్ నేర్చుకుంటామనుకోవడం చెరువుగట్టున నిలబడి ఈత నేర్చుకోవాలనుకోవడమే.

కాబట్టి ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఎవరికి ఏం కావాలో అడగండి. మూడు కోరికలూ ఒకేచోట తీరితే మంచిదే. తీరకపోతే ఏది వదులుకోవాలో ఇంట్లోనే తేల్చుకోవాలి. కొండ ఎక్కాక తేల్చుకుంటే అది తగాదా అవుతుంది.

గుల్మర్గ్: నేర్చుకునేవారికి, చూసేవారికి

మన దేశంలో స్కీయింగ్ అనగానే ముందు వినిపించే పేరు గుల్మర్గ్. శ్రీనగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. ఎత్తు దాదాపు 2,650 మీటర్లు. మన దక్కను పీఠభూమి ఆరువందల మీటర్లకు అటూఇటూ ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ ఎత్తు ఏపాటిదో అర్థమవుతుంది. 16వ శతాబ్దంలో కశ్మీరును ఏలిన యూసుఫ్ షా చక్ ఈ పచ్చికబయలుకు గుల్మర్గ్ అని పేరుపెట్టాడని చెబుతారు. పూలమైదానం అని అర్థం. పూలు పండించే మనవాళ్లకు నచ్చే పేరే! బ్రిటిషువారు 1927లో ఇక్కడ స్కీ క్లబ్బు పెట్టారు.

ఇక్కడి కేబుల్ కారు, అంటే గండోలా, రెండు మెట్లుగా ఎక్కుతుంది. 1998లో మొదలైన తొలి మెట్టు కొంగ్‌డూరి దాకా, సుమారు 3,080 మీటర్ల ఎత్తుకు తీసుకువెళ్తుంది. 2005లో వచ్చిన రెండో మెట్టు అఫర్వట్ కొండభుజం దాకా, దాదాపు 3,950 మీటర్లకు చేరుస్తుంది. మనవాళ్లు పొరపాటుపడేది ఇక్కడే. "ఇంత దూరం వచ్చాం, పైదాకా పోవాల్సిందే" అని పసిపిల్లలతో, గుండెజబ్బు ఉన్న పెద్దలతో రెండో మెట్టు ఎక్కేస్తారు. అక్కడ గాలి పలుచన. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, ఆయాసం కనిపిస్తే వెంటనే కిందికి దిగడమే మందు. ఉబ్బసం, గుండె సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆ టికెట్టు కొనకూడదు.

అఫర్వట్ వాలులు ఆరితేరిన స్కీయర్లవి. హద్దులు గీసిన చోటు దాటిపోతే అనుభవమున్నవారికీ ప్రాణగండమే. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ దేశస్తులు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యా దేశస్తుడు అక్కడ మంచుపెళ్లలు విరిగిపడి చనిపోయారు. కొత్తవారికి ఆ భయం అక్కరలేదు. వారి చోటు కిందే ఉంది. గుల్మర్గ్ గిన్నెలాంటి మైదానం. దాని అంచుల్లో ఉన్న చిన్న వాలుల మీదే తొలిపాఠాలు నేర్పుతారు. కేంద్ర పర్యాటక శాఖ కింద పనిచేసే స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ కూడా ఇక్కడ ఉంది. నిజంగా నేర్చుకోవాలనే పట్టుదల ఉన్న యువతీయువకులు అక్కడి కోర్సుల గురించి ముందే వాకబు చేసుకోవాలి.

"ఇవన్నీ మనకెందుకు, విదేశీయుల ఆటలు" అనేవారికి ఒక మాట. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు భారతదేశం నుంచి వెళ్లింది ఒకే ఒక్క క్రీడాకారుడు. పేరు ముహమ్మద్ ఆరిఫ్ ఖాన్. గుల్మర్గ్ కింద ఉండే తంగ్‌మర్గ్ ప్రాంతం ఆయనది. తండ్రికి గుల్మర్గ్‌లో స్కీయింగ్ సామాన్ల దుకాణం ఉండేది. నాలుగేళ్ల వయసులోనే పలకలెక్కిన ఆ పిల్లవాడు పెద్దయ్యాక దేశపు జెండా పట్టుకుని నడిచాడు. జెయింట్ స్లాలమ్ పందెంలో 45వ స్థానంలో నిలిచాడు.

మిగిలిన చోట్లు

హిమాచల్‌లో మనాలీ పక్కన సోలంగ్ లోయ ఉంది. అక్కడి వాలులు చిన్నవి, కొత్తవారికి అనువైనవి. జనం మాత్రం కిటకిటలాడతారు. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక మంచు చూడాలనుకునేవారు అటు దాటి సిస్సూ వైపు కూడా వెళ్లి సాయంత్రానికి మనాలీ చేరుకుంటున్నారు. చూడటం, ఆడుకోవడం చాలనుకునే కుటుంబానికి ఇది బాగానే ఉంటుంది. ఢిల్లీ నుంచి రాత్రంతా బస్సు ప్రయాణం ఉంటుందని మరవకూడదు. సిమ్లా దగ్గరి కుఫ్రీ, నార్కండాలలో మంచు పడితేనే ఆట, లేకపోతే గుర్రపు స్వారీయే.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ వాలులకు మంచి పేరుంది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగింది అక్కడే. అయితే రిషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకా సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే కూడా ఆగిపోయింది. బయలుదేరే ముందు దారి ఎలా ఉందో కనుక్కోవాలి. కుర్రవాళ్ల బృందానికి ఔలీ సరే గానీ, దాదీ మోకాళ్లకు ఆ దారి పరీక్షే.

దుబాయిలో అన్నో మామో ఉన్నవారికి 2005లో అక్కడి మాల్‌లో తెరిచిన స్కీ దుబాయి సంగతి తెలిసే ఉంటుంది. పైకప్పు కింద కృత్రిమ మంచు. ఎలాగూ బంధువులను చూడటానికి వెళ్తుంటే ఒక పూట సరదా తీరుతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

కశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజులను చిల్లయ్ కలాన్ అంటారు. అసలైన చలికాలం అదే. మంచు గట్టిగా పేరుకునేది మామూలుగా జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా. అంటే మన సంక్రాంతి సెలవులు ఆ కాలపు గుమ్మంలో పడతాయి.

కానీ మంచు ఎవరి మాటా వినదు. 2024 జనవరిలో గుల్మర్గ్ చాలా రోజులు ఎండిన గడ్డితో బోసిపోయింది. నెలాఖరులో గానీ మంచు కురవలేదు. 2025లో మంచు చాలక అక్కడి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా వేశారు. "మంచు ఖాయం" అని ఏ ఏజెంటు చెప్పినా నమ్మకండి. వారం ముందు ఫోను చేసి ఈరోజు నేలమీద ఎంత మంచుందని అడగండి.

మన క్యాలెండరు కూడా చూసుకోవాలి. రమజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ సరిగ్గా ఈ మంచుకాలంలోకే వస్తోంది. 2027లో ఫిబ్రవరి రెండోవారంలో, 2028లో జనవరి చివర్లో మొదలవుతుంది. 2029లో సంక్రాంతి నాటికే నెలవంక కోసం చూడాల్సి వస్తుంది. ప్రయాణికుడికి ఉపవాసం తర్వాత పాటించే వెసులుబాటు ఉన్నా, సరదా యాత్రకోసం రమజాన్‌ను దారిలో గడపాలని ఎవరనుకుంటారు? ఈ రెండేళ్లలో వెళ్లాలనుకునేవారు తేదీలు ఇప్పుడే గుర్తు పెట్టుకోవడం మేలు.

మరో సంగతి. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్‌లో జరిగిన దాడిలో 26 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కశ్మీరులో అనేక పర్యాటక స్థలాలను మూసివేసి, దశలవారీగా తెరిచారు. కాబట్టి ఏవి తెరిచి ఉన్నాయో ప్రభుత్వ ప్రకటనలు చూసుకునే బయలుదేరాలి.

బయలుదేరే ముందు

దారి: రైలు ఇష్టపడేవారు ఢిల్లీ మీదుగా కట్రా చేరి అక్కడ మారవచ్చు. 2025 జూన్ నుంచి కట్రా, శ్రీనగర్‌ల మధ్య రైలు నడుస్తోంది. మంచు ఎక్కువైతే శ్రీనగర్ విమానాలు రద్దవుతాయి. తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అదనంగా ఉంచుకోండి. సెలవు ముగిసే రోజుకే టికెట్టు తీస్తే గుబులు తప్పదు. గుల్మర్గ్ ఎక్కే బండ్లకు మంచు రోజుల్లో చక్రాలకు గొలుసులు తప్పనిసరి. తంగ్‌మర్గ్‌లో బండి మారాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి.

ఫోను: మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీరులో పనిచేయవు. ఇంట్లో ఒకరికైనా పోస్టుపెయిడ్ ఉండాలి.

బట్టలు: నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒళ్లు గడ్డకట్టిస్తాయి. లోపల ఉన్ని, పైన నీరు దిగని కోటు వేసుకోవాలి. అమ్మాయిలు ఇబ్బంది పడనక్కరలేదు. ఆ చలిలో తల, మెడ, చేతులు కప్పుకోని వారు ఎవరూ ఉండరు. పొడవాటి బురఖా కొస గానీ, వేలాడే దుపట్టా గానీ పలకల్లో, లిఫ్టులో చిక్కుకోకుండా లోపలికి బిగించుకోవాలి. నల్లకళ్లద్దాలు షోకు కాదు. మంచుమీద ఎండ కళ్లను మండిస్తుంది.

గది: వెచ్చదనం ఎలా ఇస్తారో అడగండి. కట్టెల బుఖారీ గానీ, గ్యాసు హీటరు గానీ, బొగ్గుల కాంగ్డీ గానీ మూసిన గదిలో రాత్రంతా వెలిగించి పడుకోవడం ప్రాణాంతకం. కంటికి కనిపించని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలి వచ్చేలా కిటికీ కాస్త తెరిచి ఉంచాలి.

నమాజు: అక్కడ జనవరిలో సూర్యుడు ఏడున్నర దాటాక ఉదయించి ఆరు కాకముందే అస్తమిస్తాడు. వాలు మీద ఆటలో పడితే అసర్ దాటిపోవడం తెలియదు. వుజూ చేసి తోలు మేజోళ్లు తొడుక్కుంటే, ప్రయాణికుడు మూడు పగళ్లు, మూడు రాత్రుల వరకు కాళ్లు కడగకుండా వాటిపై మసహ్ చేయవచ్చు. ఈ సౌలభ్యం విలువ అక్కడి నీళ్లు ముట్టుకుంటే తెలుస్తుంది. ఖసర్ గురించి బయలుదేరే ముందే మీ ఇమామ్ సాహెబ్‌ను అడగండి. హలాల్ భోజనానికి కశ్మీరులో వెతుకులాట లేదు. ఔలీ వెళ్లేవారు పప్పన్నానికి సిద్ధపడి వెళ్తే చాలు.

ఖర్చు: గది అద్దె ఒక్కటే లెక్క కాదు. గండోలా టికెట్టు, బూట్లు, పలకల అద్దె, నేర్పేవాడి రుసుము, గొలుసుల బండి, స్లెడ్జి బండి లాగేవాడి కూలి అన్నీ కలపాలి. ఆ కూలివాడితో బేరం ఆడండి, కానీ చలిలో మన బరువు లాగేవాడి చెమట ఆరకముందే డబ్బు చేతిలో పెట్టండి. అప్పుచేసి మాత్రం వెళ్లకండి. మంచు నాలుగు రోజుల్లో కరిగిపోతుంది, అప్పు కరగదు. ఈ ఏడు వీలుకాకపోతే లంబసింగి చలి ఉంది, మన వికారాబాద్ అనంతగిరి ఉంది. పిల్లలకు చెబితే అర్థం చేసుకుంటారు.

కిటికీ ఉన్న గది

ఇక మన దాదీ దగ్గరికి వద్దాం. ఆమెను ఇంట్లో వదిలి వెళ్లడం తేలిక. తీసుకువెళ్లి హోటలు గదిలో తాళం చెవితో కూర్చోబెట్టడం అంతకన్నా అన్యాయం. ఆ రెండూ కాని దారి ఒకటుంది. కింది అంతస్తులో, మంచు మెట్లు ఎక్కనవసరం లేని గది అడగండి. పొగ బయటికి పోయే గొట్టమున్న బుఖారీ ఉండాలి. కిటికీలోంచి పిల్లలు నేర్చుకునే వాలు కనిపించాలి. మైదానం చుట్టూ హోటళ్లున్న గుల్మర్గ్‌లో ఇలాంటి గది అడిగితే దొరకవచ్చు. వందసార్లు ఫోను చేసినా తప్పులేదు. ఎక్కడికి వెళ్లాలన్నది ఆ గదే తేల్చాలి, కొండ ఎత్తు కాదు.

అప్పుడు అమ్మాయి పదిసార్లు పడి పదకొండోసారి లేచి నిలబడినప్పుడు, అద్దం వెనుక శాలువా కప్పుకుని చాయ్ తాగుతున్న దాదీ దాన్ని చూస్తుంది. సాయంత్రం గదికొచ్చిన మనవరాలితో "ఆ నాలుగోసారి బాగా పడ్డావే" అంటుంది. చేవెళ్లకు తిరిగి వచ్చాక ఇరుగుపొరుగుకు ఈ కథ ముందు చెప్పేది కూడా ఆమే.