కడలి యడుగున దాగిన ఆకు

వానకాలమున బొమ్మిడికి దక్షిణపు దిక్కున సేర్వరాయన్ కొండలు మబ్బులలో మునిగియుండు దినములలో, వాణియాఱు ఎఱ్ఱని నీటితో పాఱుట మన పిల్లలు చూచియే యుందురు. ఆ నీటిలో మన్ను మాత్రమే గాక రాలిన ఆకులు, గడ్డి, కుళ్లిన వేళ్లు, పొలములలోని ఎరువు కూడ కలసియుండును. వాణియాఱు తెన్పెన్నలో, అనగా దక్షిణ పినాకినిలో కలియును. ఆ పినాకిని కడలూరు చెంత బంగాళాఖాతమును చేరును. నడుమనున్న వాణియాఱు ఆనకట్టయు, సాత్తనూరు జలాశయమును చాల మట్టిని నిలిపివేయును. అయినను సన్నని ఒండ్రు కొంత సముద్రమును చేరకమానదు. అట్లు చేరిన ఆకు పిమ్మట ఏమగును? ఈ చిన్న ప్రశ్న వెనుక పెద్ద శాస్త్రమే కలదు.

ప్రాణముగల వానినుండి పుట్టిన పదార్థమును సేంద్రియ పదార్థమందురు. దానికి మూలాధారము కర్బనము. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఎండ సాయమున దానిని ఆకుగను కఱ్ఱగను మార్చుకొనును. ఆకు రాలగనే సూక్ష్మజీవులు దానిని ఆహారముగా గొని, ప్రాణవాయువును వాడుకొని, ఆ కర్బనమును మరల గాలిలోనికి విడుచును. ఇట్లు వచ్చినది వచ్చినచోటికే పోవును. కాని ఏ కొంచెమో ఈ చక్రమునుండి తప్పించుకొని మిగిలిపోవును. మన కథ ఆ మిగిలినదానిని గూర్చినదే.

ఇందుకు నిదర్శనము మన చెఱువులలోనే కలదు. ఎండకాలమున పూడిక తీయునపుడు పైమన్ను గోధుమవన్నెగ నుండును. కొంత లోతునకు త్రవ్వినచో నల్లని మన్ను కుళ్లిన గ్రుడ్ల వాసనతో బయటపడును. పైపొరలో ప్రాణవాయువు చొరబడును గనుక అచ్చట కుళ్లుట త్వరగా ముగియును. అడుగున ప్రాణవాయువు లేదు. అచ్చటి సూక్ష్మజీవులు వేఱొక మార్గమున, మిక్కిలి మెల్లగా పనిచేయును. ఆ వాసనయు ఆ నలుపును వాని పనియే. కావుననే అచ్చట ఆకు తునుకలు చాలకాలము నిలుచును.

సముద్రమునందును ఇదియే ధర్మము. అయితే అచ్చట సేంద్రియ పదార్థము రెండు మార్గముల చేరును. ఒకటి నదులు తెచ్చునది. రెండవది సముద్రమందే పుట్టునది. ఎండ సోకు పైనీటిలో కంటికి కానరాని సూక్ష్మమగు మొక్కలు కోట్లకొలది పెరుగును. వానిని చిన్న ప్రాణులు తినును. చచ్చిన వాని తునుకలును, తినినవాని మలమును ముద్దలుగట్టి, మంచు కురిసినట్లు రేయింబవళ్లు క్రిందికి దిగుచుండును. వేల మీటర్ల లోతు దిగుటకు వారములు పట్టవచ్చును. దారిలోనే వానిలో అధికభాగమును జీవులు తినివేయును. అడుగున చేరినదానిని పురుగులును సూక్ష్మజీవులును పంచుకొనును. పైన పుట్టినదానిలో నూటికి ఒక పాలు కూడ లోతైన సముద్రపు మట్టిలో శాశ్వతముగా నిలువదు. నడిసముద్రమున ఆ మట్టియైనను వేయి సంవత్సరములకు కొన్ని మిల్లీమీటర్ల మందము మాత్రమే పేరుకొనును.

మఱి ఆ కొంచెము ఎట్లు నిలుచుచున్నది? కారణములు ముఖ్యముగా రెండు. మొదటిది సన్నని బంకమన్ను. దాని రేణువులకు సేంద్రియ పదార్థము అంటుకొనిపోయి సూక్ష్మజీవులకు సులభముగా చిక్కదు. రెండవది త్వరగా పూడిపోవుట. పైని మట్టి వెంటవెంటనే పడినచో ప్రాణవాయువు అందకుండును. ఈ రెండును మన బంగాళాఖాతమున సమృద్ధిగా కలవు. గంగా బ్రహ్మపుత్రలు హిమాలయముల మట్టిని తెచ్చి, సముద్రగర్భమున సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున విసనకఱ్ఱవలె పఱచినవి. ప్రపంచమున ఇంతటి ఒండ్రుమేట వేఱొకటి లేదు. ఆ నదులు తెచ్చిన నేలమీది కర్బనములో నూటికి 70 పాళ్లకు తక్కువగాక అచ్చట పూడి నిలుచుచున్నదని 2007లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది.

ఈ విషయమున తెలుగునాటి కృషి స్మరింపదగినది. 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, అచ్చటి అధ్యాపకులతోను విద్యార్థులతోను కలసి బంగాళాఖాత పరిశీలనకు పూనుకొనెను. భూగర్భశాస్త్రాచార్యులు సి. మహాదేవన్ గారును వారి శిష్యులును సముద్రపు మట్టిని తీసి పరీక్షించిరి. తూర్పుతీరపు మట్టిలోని సేంద్రియ పదార్థమును గూర్చి ఎం. సుబ్బారావు గారు వ్రాసిన వ్యాసము 1960లో అమెరికా దేశపు పెట్రోలియము భూగర్భశాస్త్రజ్ఞుల సంఘ పత్రికలో వెలువడినది. పెట్రోలియము సంఘమునకు ఈ బురదతో ఏమి పని యని అడుగవచ్చును. భూమిలోని చమురును వాయువును ఇట్లు పూడిన సేంద్రియ పదార్థమునుండియే పుట్టును. 2006లో కృష్ణా గోదావరుల ముఖద్వారముల కెదుట, సముద్రగర్భపు మట్టిలో మంచుగడ్డ రూపమున మీథేను వాయువు త్రవ్వకములలో దొరకినది. ప్రాణవాయువు లేనిచోట సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థమునుండి పుట్టించు వాయువే మీథేను.

ఆ 2006 త్రవ్వకములలోనే గోదావరి కెదుట పైకి తీసిన ఒక మట్టిస్తంభము మనకు మఱింత దగ్గఱి కథ చెప్పినది. ఆకుపైన పలుచని మైనపు పూత యుండుట మన మెఱుగుదుము. తామరాకుపై నీరు నిలువకుండుటకు అదియే ముఖ్యకారణము. ఆకు కుళ్లినను ఆ మైనము వేల సంవత్సరములు నిలువగలదు. చెట్లును వరియు కర్బనమును గ్రహించు విధము ఒకటి. రాగి, జొన్న, ఎండకు తాళు పలు గడ్డిజాతులు గ్రహించు విధము వేఱొకటి. ఈ భేదము మైనములోని కర్బనపు బరువులో గుర్తుగా నిలుచును. ఆ గుర్తును చదివిన శాస్త్రజ్ఞులు, సుమారు 4,000 సంవత్సరముల క్రిందటినుండి 1,700 సంవత్సరముల క్రిందటివఱకు దక్కను పీఠభూమిలో ఎండకు తాళు మొక్కలు క్రమముగా పెరిగినవని 2012లో ప్రకటించిరి. అనగా ఆ కాలమున ఆ నేల వాన తగ్గి మెట్టగా మాఱినది. ఏ శాసనమును చెప్పని చరిత్రను ఆకుమైనము చెప్పినది. అదే మట్టిని పరిశీలించి 2017లో వెలువడిన మఱొక వ్యాసము, ఆ కాలముననే నేలకోత మిక్కిలి పెరిగినదనియు, పచ్చదనము తఱుగుటయు సేద్యము వ్యాపించుటయు అందులకు కారణములనియు తెలిపినది.

ఇచ్చట మనము నిలిచి ఆలోచింపవలెను. సముద్రగర్భమున పూడిన కర్బనము గాలిని వేడెక్కింపదు. కావున ఆ పూడిక లోకమునకు మేలే. కాని పొలమునుండి కొట్టుకొనిపోయిన సారవంతమగు పైమన్ను మన జీవితకాలమున తిరిగి రాదు. మన మనుమలకును రాదు. శాస్త్రజ్ఞునకు అది చదువదగిన పుస్తకము. రైతునకు అది పోయిన ఆస్తి. చెఱువు పూడిక తీసి పొలమునకు తోలిన మన పెద్దలు, సముద్రము చేరకముందే ఆ సారమును దారిలో పట్టి ఇంటికి తెచ్చుకొనిరి. గట్టు వేయుటయు, రాలిన ఆకును కాల్చక మన్నులో కలుపుటయు ఆ తెలివిలోని భాగములే.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. ఈ సెలవులలో పిల్లలచేత గాజుసీసాలో చెఱువుమన్ను, కొన్ని ఎండుటాకులు వేయించి, నీరు నింపించి, మూత వదులుగా పెట్టించి, ఒక మూల నుంచుడు. కొన్ని వారములకు పైపొర గోధుమవన్నెగను, అడుగు నల్లగను మాఱుట కనబడవచ్చును. సముద్రగర్భమున జరుగుచున్నది ఏమని పిల్లవాడు అడిగినప్పుడు ఆ సీసాను చూపి, మన తెలుగు మాటలలోనే వానికి చెప్పుడు. విషయము లోతైనదైనను మాటలు మన ఇంటివే చాలును.