లోడేసినా కుంగని బండి మంచిదేనా?
పాత ట్రాలీ కొనేముందు వెనక కమాన్లు చూసుకోండి

టమోటా, మామిడి, కూరగాయలు మార్కెట్‌కు తోలే చిన్న రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి పాత ట్రాలీ బండి కొనుక్కోవడం మామూలైంది. 2005లో టాటా ఏస్ వచ్చిన తర్వాత ఇలాంటి చిన్న బండ్లు పల్లెపల్లెకూ చేరాయి. సొంత బండి ఉంటే బాడుగ మిగులుతుందని రైతు ఆశ. బేరం దగ్గర దళారీ చెప్పే మాట ఒకటుంది. "అన్నా, ఎంత లోడేసినా వెనక కుంగదు, చూడు!" ఆ మాటకు సంబరపడి బయానా ఇచ్చేస్తాం. నిజానికి అనుమానపడాల్సింది అక్కడే.

కుంగకుండా ఉండే కార్లు ఉన్నాయి, కానీ...

లోడు పడినా వెనకభాగం సమంగా నిలిచే ఏర్పాటు ఐరోపా కార్లలో ఎప్పటినుంచో ఉంది. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ 1955లోనే డీఎస్ కారులో నూనె, గ్యాసు ఒత్తిడితో దీన్ని తెచ్చింది. వెనక సామాన్లు వేసుకునే ఎస్టేట్ కార్లు కొన్నింటికి 'నీవోమ్యాట్' అనే షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. బండి కుదుపులతోనే లోపలి నూనె పంపు అయి వెనకభాగాన్ని పైకెత్తుతుంది. నిలిపి లోడేస్తే కుంగుతుంది, కొంతదూరం నడిపాక లేస్తుంది. పాత కారులో అది ఉందో లేదో అక్కడివాళ్లు గుర్తుపట్టేది ఇలాగే.

టాటా ఏస్ లాంటి మన ట్రాలీల వెనక ఉండేవి ఉక్కు కమాన్ పట్టీలు. బరువు పడితే వంగడమే వాటి పని. నిండా లోడేసినా కుంగలేదంటే ఎవరో అదనంగా పట్టీలు వేయించారనే అనుకోవాలి. అంటే ఆ బండి అంతకుముందు మోతాదు మించి బరువు మోసిందన్నమాట.

అదనపు పట్టీని ఎలా పట్టుకోవాలి?

బండి కింద టార్చిలైటు వేసి చూడండి. రెండువైపులా పట్టీలు లెక్కపెట్టండి. లెక్క సమానంగా ఉండాలి. అదే కంపెనీ కొత్త బండి ఊళ్లో ఉంటే దానితో పోల్చండి. అన్ని పట్టీలూ తుప్పు రంగులో ఉండి ఒక్కటి మాత్రం కొత్తగా మెరుస్తున్నా, యూ బోల్టులు కొత్తవై పొడుగ్గా ఉన్నా చేయి పడినట్టే. కమాన్ కట్ట ఛాసిస్‌కు తగిలేచోట పగుళ్లు, వెల్డింగ్ అతుకులు కనిపిస్తే ఆ బేరం వదిలేయడం మేలు.

పట్టీ పెంచితే బండికి బలం పెరగదు. ఇరుసు, టైర్లు, బ్రేకులు పాతవే. పైగా కొన్ని బండ్లకు వెనక లోడును బట్టి బ్రేకు సర్దే వాల్వు ఉంటుంది. బండి కుంగకపోతే లోడు లేదనుకుని అది వెనక బ్రేకును తగ్గిస్తుంది. దిగుడు రోడ్డులో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

చచ్చుబడిన కమాన్లు

దీనికి తిరగబడిన లోపమూ ఉంది. ఖాళీ బండిని చదును నేలమీద నిలిపి, చక్రం మధ్యనుంచి పైన బాడీ అంచువరకు టేపుతో రెండువైపులా కొలవండి. ఒకవైపు బాగా తక్కువుంటే ఆ కమాను చచ్చుబడింది. సెంటర్ బోల్టు తెగితే ఇరుసు పక్కకు జరుగుతుంది. తడినేల మీద నేరుగా నడిపి జాడ చూడండి. వెనక చక్రాల జాడ ఒకవైపుకు జరిగి పడితే లోపమున్నట్టే.

పది మూటల పరీక్ష

ముందు ఆర్‌సీ చూడండి. అందులోని మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మోయదగ్గ బరువు తేలుతుంది. ఉదాహరణకు 1,600 కిలోల్లో 900 పోతే 700. డ్రైవరు, పక్కన కూర్చునేవాళ్లూ ఆ 700లోనే లెక్క. అలాంటి బండిలో 50 కిలోల డీఏపీ మూటలు పది వేసి, గతుకుల బాటలో తోలించండి. వెనక కొంత కుంగాలి, కానీ ఇరుసు రబ్బరు దిమ్మకు దడదడ కొట్టుకోకూడదు. స్టీరింగు తేలిపోకూడదు.

పట్టీలు పెంచినా ఆర్‌సీలోని బరువు పెరగదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20 వేల రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేలు. ఒక్కసారి పట్టుబడితే పంట డబ్బులు పోయినట్టే.

ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు గడువులు చూసుకోండి. బండిమీద ఫైనాన్సు ఉంటే అది తీరినట్టు ఫారం 35, పేరు మార్పుకు ఫారాలు 29, 30 చేతికొచ్చాకే పూర్తి సొమ్ము ఇవ్వండి. మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, దళారీ చూపించినవాణ్ని కాదు. ఎద్దును కొనేటప్పుడు పళ్లు పట్టి చూసి, నడిపించి, కాడి కట్టి చూస్తాం కదా! బండికీ అంతే.